ఎట్టకేలకు స్వరం దొరికిన భూమేష్

భూమేష్ సంచిలో పాలపొడి డబ్బా, ఖర్జూరాలు, వాళ్ళమ్మకు ఉన్ని శాలువా సర్దాను. పాస్‌పోర్టు ఉందో లేదో మూడుసార్లు చూశాను. వాడిది మా సిరిసిల్లే. ఇక్కడ దోహాలో మా అబ్బాయి నిసార్ పనిచేసే కంపెనీలోనే డ్రైవరు. శుక్రవారం పొద్దున కరీంనగర్‌లో వాళ్ళమ్మ రాజవ్వకు గుండె ఆపరేషన్. లోపలికి తీసుకుపోయే ముందు ఒక్కసారి ఆమె చెయ్యి పట్టుకోవాలని వాడి ఆరాటం. గురువారం మధ్యాహ్నం విమానం.

గురువారం తెల్లారగానే చారిత్రక ప్రకటన వెలువడింది. కంపెనీ మేనేజరు, మా తెలుగు సంఘం అధ్యక్షులు అయిన సుబ్బారావు గారు వాట్సాప్‌లో పెట్టారు: "తెల్లదొరల చూపుపై మన తిరుగుబాటు! సంఘం తరఫున మూకీ డాక్యుమెంటరీ. షూటింగ్ ఈరోజే. స్టాఫ్ అందరికీ డ్యూటీ."

దీనికి నేనూ కొంత కారణం. పోయిన వారం ముషైరిబ్ హాల్లో ఆయన మాకొక పాత రీలు చూపించారు. వందేళ్ళ కిందట ఒక దొర కాకినాడ రేవులో తీసినది. రంగూన్ కూలీలు ఓడెక్కుతుంటే, "ఆనందంతో పాడుతున్న స్థానికులు" అని తెరమీద అక్షరాలు.

"పాట కాదు సార్, ఆ ముసలామె 'దిగిరా నాయనా' అంటోంది," అన్నాను.

సిరిసిల్లలో సాంచాల షెడ్డులో, మరమగ్గాల మధ్య, ముప్పై ఏళ్ళు నూలు కండెలు చుట్టినదాన్ని. ఆ మోతలో చెవులతో పని జరగదు. పెదాలు చూసి మాట అందుకోవాలి.

ఆయన కళ్ళు తుడుచుకున్నారు. "తహెరున్నీసా గారూ, ఎంత అన్యాయం! ఇక మనవాళ్ళని మనమే తీయాలి!"

అంతటి మనసు ఆయనది.

సముద్రం ఒడ్డున చెక్క పడవ తెచ్చారు. అటునుంచి అటే ఎయిర్‌పోర్టుకని నేనూ నిసారూ భూమేష్ సంచితో సహా వెళ్ళాం. "దొర పైనుంచి తీశాడు. మనం సమానంగా తీద్దాం," అని సుబ్బారావు గారు క్రేన్ ఎక్కారు. పైనుంచి వైవిధ్యం లెక్కపెట్టారు.

"నేపాలీలు నలుగురున్నారు. ఒకణ్ణి కెన్యా చెయ్యండి."

"ఎట్ల సార్?" అన్నాడు నిసార్.

"వెనక్కి తిప్పి నిలబెట్టు. మూకీ కదా, ఎవరడుగుతారు?"

భూమేష్‌కు యూనిఫాం విప్పించి, మోకాళ్ళపైకి పంచె కట్టించి, తలపాగా చుట్టించారు.

"సార్, నేను డ్రైవర్ను గదా?"

"అది ఉద్యోగమయ్యా. ఇది అస్తిత్వం. పడవెక్కి నవ్వు, సొంతూరికి వెళ్తున్నావు!"

"నిజంగనే పోవాలె సార్. ఫ్లైటుకు టైమైతాంది."

"ఆ ఫీలింగే ఉంచు! నోటికొచ్చింది అనుకో, ఎలాగూ వినబడదు. యల్లా, పదండి, మళ్ళీ!"

రెండో టేకులో నటుల కంటే ముందు పడవ వెళ్ళిపోయింది. ఐదోదాంట్లో తలపాగా సముద్రంలో పడింది. ఎనిమిదోదాంట్లో కెన్యా నేపాలీలో తుమ్మాడు. అదెలా తెలిసిందో గానీ సుబ్బారావు గారు ఒప్పుకోలేదు. పదకొండోది అద్భుతంగా వస్తుండగా వెనకాల ఆకాశంలో విమానం కనబడింది.

"కట్! పాతకాలం మూకీలో విమానమేంటి? దాన్ని పోనివ్వండి!"

పోనిచ్చాం.

"అమ్మీ, అది మనోడిదే," అన్నాడు నిసార్, గడియారం చూసుకుని.

పన్నెండో టేకు ఓకే అయింది. శనివారానికి వేరే టికెట్టు సుబ్బారావు గారే ఇప్పించారు. ఇది నన్ను ప్రత్యేకంగా రాయమన్నారు.

జనవరిలో ప్రదర్శనకు ఊరినుంచి మంత్రిగారు వచ్చారు. భూమేష్ బయట ఆయన కారు దగ్గర డ్యూటీలో ఉన్నాడు. లోపల తెరనిండా వాడి మొహం, కింద అక్షరాలు: "ఎట్టకేలకు స్వరం దొరికిన శ్రామికుడు."

"ఏమంటున్నాడు?" అన్నారు మంత్రిగారు.

"మా తహెరున్నీసా గారు పెదాలు చదువుతారు సార్! చెప్పండమ్మా, చెప్పండి!" అన్నారు సుబ్బారావు గారు.

చెప్పాను. "'సార్, మా అమ్మను సూడాలె. ఇడిసిపెట్టుండ్రి సార్, కాల్మొక్త' అంటున్నాడు."

హాల్లో అందరూ ముందువరుస వైపు తిరిగారు. మంత్రిగారు ముందుగా తేరుకున్నారు.

"మదర్ సెంటిమెంట్! అవార్డు ఇచ్చేద్దాం."

చప్పట్లు ఆగడానికి చాలాసేపు పట్టింది.

రాజవ్వ ఆపరేషన్ గదిలోంచి తిరిగి రాలేదు. నవంబరు పద్నాలుగు, శుక్రవారం, పొద్దున పదకొండున్నర.