సాతులూరు ఫెలోషిప్

టెలిగ్రాం వచ్చేసరికి నేను మా కొత్త ప్రెషర్ కుక్కర్ ముందు నిలబడి మూడో విజిల్ కోసం ఎదురుచూస్తున్నాను. అప్పటికి మా పెళ్ళై రెండు నెలలు కాలేదు. ఆ రోజుల్లో కుక్కర్ విజిల్ వేసినా, వీధిలో మావారి స్కూటర్ ఆగినా నాకు ఒకటే సంతోషం. ఆయన ఆ కాగితం రెండుసార్లు చదివి, "నిర్మలా, ఇచ్చారు" అన్నారు. ఆ మాట విన్నాక విజిళ్ళు ఎవరు లెక్కపెడతారు? అన్నం సంకటైపోయింది. ఇద్దరం అదే తిన్నాం. అమృతంలా ఉంది.

మావారు డాక్టర్ దేవానందం. నరసరావుపేట ప్రభుత్వాసుపత్రిలో ఎముకల డాక్టరు. అరిగిపోయిన తుంటి కీలు, మోకాలి కీలు తీసేసి లోహంతోనూ ప్లాస్టిక్‌తోనూ చేసిన కొత్త కీళ్ళు పెట్టడం నేర్పే ఆరు నెలల ఫెలోషిప్ మద్రాసులో ఒక ఆసుపత్రి ఆయనకిచ్చింది. మొదటి తారీఖున చేరాలి. చేరకపోతే సీటు వెయిటింగ్ లిస్టులో వాళ్ళకి పోతుంది. తుంటి కీలంటే ఏమిటో నాకు కొబ్బరి చిప్పలో నిమ్మకాయ పెట్టి, గుండ్రంగా తిప్పి చూపించారు. బీయే చదివిన నాకు ఇన్నాళ్ళూ ఇంత అందమైన సంగతి ఎవరూ చెప్పలేదు.

గోడ మీంచి పక్కింటి అబిదక్క కేకేసింది. "ఏందమ్మాయ్, కుక్కరు అట్టా మొత్తుకుంటాంది? మొగుడూపెళ్ళాలు ఇంట్లోనే ఉన్నారా?"

అబిదక్క బట్టలు కుడుతుంది. కుడి తుంటి అరిగి ఆరేళ్ళయింది. కింద కూర్చోలేదు, కూర్చుంటే లేవలేదు, మిషను తొక్కాలంటే ఎడమకాలే దిక్కు. చుట్టుపక్కల ఈ ఆపరేషన్ వచ్చినవాళ్ళు లేరు. "నేను నేర్చుకొస్తే మొదటి తుంటి నీదే అక్కా" అని మావారు మాటిచ్చారు.

"కొలతలు సరిగ్గా తీసుకోమను మరిదిని" అంది అబిదక్క. "జాకెట్టు బిగుతైతే కుట్లు ఊడదీస్తా. తుంటి బిగుతైతే ఏం ఊడదీసేది?"

ఆ రాత్రి నేను మద్రాసులో డబుల్ డెక్కర్ బస్సులో పైఅంతస్తున, ముందు సీట్లో, ఆయన పక్కన కూర్చున్నాను. నిద్రలోనే అనుకోండి.

తెల్లారేసరికి ఆసుపత్రి సలహా సంఘం అధ్యక్షులు అమరేశ్వరరావుగారు మా వరండాలో ఉన్నారు. వెనక ఆయన అనుచరుడు గోపాలరావు. అధ్యక్షులవారిది విశాల హృదయం. ఎదుటివారి సంతోషాన్ని ఆయన ఎప్పుడూ ఎదుటివారి దగ్గర వదిలిపెట్టరు.

"డాక్టరుగారూ, ఈ ఫెలోషిప్ మీకు రాలేదు" అన్నారు.

మావారు జేబులోంచి టెలిగ్రాం తీసి మళ్ళీ చూసుకున్నారు.

"పల్నాడుకి వచ్చింది! దీని వెనక ఎవరి కృషి ఉందో ప్రజలకి తెలియాలి. ఆ ఏర్పాట్లు నేను చూసుకుంటాను."

"చాలా సంతోషం సార్. నన్ను ఇక్కడి డ్యూటీ నుంచి వదిలే రిలీవింగ్ ఆర్డరు ఈ వారమే ఇప్పిస్తే..."

"టైపు కొట్టించి పెట్టాను. వీడ్కోలు సభలో, వేదిక మీద, నా చేతుల మీదుగా ఇస్తాను. ఇప్పుడే ఇచ్చేస్తే సభలో ఏమిస్తాం చెప్పండి?"

ఇంత చిన్న విషయం మాకు తట్టనందుకు ఇద్దరం సిగ్గుపడ్డాం.

మొదటి వీడ్కోలు మాచర్లలో జరిగింది. శాలువా, గజమాల, నిమ్మకాయ సోడా. నన్ను కూడా వేదికెక్కించి ఒక స్టీలు గిన్నె ఇచ్చారు. మూత కూడా ఉంది! వెనక గుడ్డ మీద 'మోకాళ్ళ మొనగాడికి మాచర్ల నీరాజనం' అని రాశారు. అక్కడే చిక్కొచ్చింది. మర్నాడు గురజాల పెద్దలు లారీలో దిగారు.

"మాచర్లోళ్ళు కప్పితే కప్పించుకున్నావు. మేం కప్పకముందే రైలెక్కితే ఏందయ్యా అర్థం? నువ్వు ఆళ్ళ మనిషివనేగా?"

పల్నాట్లో ఒక ఊరి శాలువా కప్పుకుని పక్క ఊరి శాలువా కాదన్నవాడికి కొత్త కీళ్ళు పెట్టడం కంటే ముందు ఉన్న కీళ్ళు కాపాడుకునే పని పడుతుంది. మావారు గురజాల వెళ్ళారు. మోకాలు మాచర్ల తీసేసుకుంది కాబట్టి గురజాలవాళ్ళు 'తుంటి తిలకం' అని రాయించారు. మోకాలి కంటే తుంటి పైన ఉంటుందని అక్కడొక వక్త రుజువులతో మాట్లాడాడు. చప్పట్లు ఆగలేదు.

తర్వాత రాజుపాలెం. వాళ్ళు రెండూ కలిపి 'కీళ్ళ కిరీటి' అనేశారు. రాజుపాలెం తర్వాత వెల్దుర్తి ఊరుకోదు కదా! కీళ్ళు రెండే కావడంతో వాళ్ళకి బిరుదు మిగల్లేదు. అలిగి, వేదిక కిందే శాలువా కప్పారు. వెనకవాళ్ళకి కనపడలేదని గొడవైతే వేదిక ఎక్కించి మళ్ళీ కప్పాల్సి వచ్చింది. ప్రతిచోటా మావారు అధ్యక్షులవారి చెవిలో, "సార్, మొదటి తారీఖు దగ్గరకొచ్చేస్తోంది" అనేవారు. అధ్యక్షులవారు మైకు అందుకుని, "డాక్టరుగారి వినయం చూశారా? చాలు చాలు అంటున్నారు!" అనేవారు.

ఇంటికొచ్చాక శాలువాలన్నీ మంచం మీద పరిచి, మద్రాసులో చలి ఉండదు కదా, వీటినేం చేద్దామని నేను నవ్వితే, ఆయన కూడా నవ్వారు. తర్వాత చాలాసేపు పుస్తకంలో కీళ్ళ బొమ్మలు చూస్తూ కూర్చున్నారు.

నరసరావుపేట వీడ్కోలు అన్నిటికంటే ఘనంగా ఉండాలని, ఆర్డరు అక్కడే ఇవ్వాలని అధ్యక్షులవారి పట్టుదల. అందుకు మంచి రోజు చూపించారు. ఆ మంచి రోజు మూడో తారీఖున పడింది.

సభలో వేలమంది సాక్షిగా రిలీవింగ్ ఆర్డరు ఇచ్చారు. ఫోటో దిగాం. కిందికి దిగేసరికి మద్రాసు నుంచి రెండో టెలిగ్రాం వచ్చి ఉంది. సీటు వేరేవాళ్ళకిచ్చేశారు.

మర్నాడు సాయంత్రం అధ్యక్షులవారే స్వయంగా పరామర్శకి వచ్చారు. వరండాలో కూర్చుని టెలిగ్రాం చదివారు. గొప్పవాళ్ళు చిన్న విషయాలకి చలించరు.

"అయితే మీరు వెళ్ళరన్నమాట."

"వెళ్ళడానికి లేదు సార్."

"వెళ్ళకపోతే రావడం తేలిక" అన్నారాయన. "రేపు ఆరోగ్య శాఖ మంత్రిగారు విజయపురి సౌత్ వెళ్తూ ఇక్కడ ఆగుతున్నారు. మన డాక్టరు ట్రైనింగ్ ముగించుకుని తిరిగొస్తున్నాడని ఫోన్‌లో చెప్పేశాను."

"ఆరు నెలల ట్రైనింగ్ సార్!"

"తెలివైనవాళ్ళకి అంత పట్టదు. గోపాలరావూ, చెప్పు."

గోపాలరావు గొంతు సవరించుకున్నాడు. "డాక్టరుగారు రేపు పొద్దున్నే బస్సులో మన ముందు స్టేషను సాతులూరు పోవాల. అక్కడ గుంటూరు నుంచి వచ్చే రైలెక్కి ఇక్కడ దిగాల. పెట్టె తీసుకుపోవాల. ఊరికే ఖాళీ పెట్టె ఊపుకుంటా దిగితే బాగోదు, బట్టలు పెట్టుకోండి. ప్లాట్‌ఫారం మీద బ్యాండు మేళం. అమ్మగారు దండేసి ఏడవాల."

"నేనెందుకు ఏడవాలి?" అన్నాను.

"ఆరు నెలల తర్వాత మొగుణ్ణి చూస్తున్నావమ్మాయ్" అన్నారు అధ్యక్షులవారు ఆప్యాయంగా.

"ఈయన్ని చూస్తే నాకు నవ్వొస్తుంది సార్."

"నవ్వు, పర్వాలేదు. కళ్ళు తుడుచుకుంటూ నవ్వు. అక్కణ్ణించి ఊరేగింపుగా ఆసుపత్రికి. మంత్రిగారి చేతుల మీదుగా మొదటి ఆపరేషన్. పేషంటు పక్కింటి అబిదాబీ. మన సంఘం తీర్మానం కూడా చేసింది."

మావారు లేచి నిలబడ్డారు. పెళ్ళైన దగ్గర్నుంచి ఆయన గొంతు పెంచడం నేను అదే మొదటిసారి వినడం. "నాకు ఆ ఆపరేషన్ రాదు సార్! నేను కత్తి పట్టను."

"మిమ్మల్నెవరు పట్టమన్నారు? కత్తెర మంత్రిగారు పడతారు. రాదు, రాదు అంటారేంటండీ! అధ్యక్షుణ్ణి అయిన రోజు నాకు మాత్రం ఏం వచ్చు? చేస్తూ నేర్చుకోలేదా?"

గోడ అవతల కుట్టుమిషను చప్పుడు ఆగిపోయింది. తలుపుకి తాళం వేసిన శబ్దం వినిపించింది. నేను గోడ దగ్గరికి పరిగెత్తాను. అబిదక్క చంకలో మూట పెట్టుకుని గడప దిగుతోంది.

"అమ్మాయ్, పిడుగురాళ్ళలో మా అక్క కాడికి పోతన్నా. మరిది నిజంగా నేర్చుకున్న రోజున కబురెట్టు, పాక్కుంటానైనా వస్తా. మంత్రి కత్తెరకి మాత్రం నా తుంటి ఇయ్యను."

"రిక్షా పిలవనా అక్కా?"

"రిక్షావోడు మీటింగులకి జనాన్ని తోలే పార్టీవోడే. తిన్నగా ఆస్పత్రికి తోల్తాడు."

ఒక చెయ్యి గోడకి, ఒక చెయ్యి తుంటికి ఆనించి, పళ్ళు బిగబట్టి, ఆవిడ వీధి మలుపు తిరిగింది. ఆరేళ్ళలో అబిదక్క అంత వేగంగా నడవడం ఎవరూ చూడలేదు.

ఆ రోజు నా వెనకే గోడ దాకా వచ్చి చూసినవాడు గోపాలరావు. వరండాలోకి పరిగెత్తుకొచ్చాడు. "అయ్యా, కొంప మునిగింది! పేషంటు ఊరొదిలి వెళ్ళిపోతాంది!"

"ఎట్టా వెళ్తాంది?" ఆందోళనలో అధ్యక్షులవారికి కూడా ఊరి యాస వచ్చేసింది.

"నడిచే అయ్యా."

"ఎవరన్నా పట్టుకున్నారా?"

"లేదయ్యా. ఒక్కత్తే. బస్టాండు దాకా నడిచే పోతాంది."

అధ్యక్షులవారు కుర్చీలోంచి మెల్లగా లేచి, మావారి రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకున్నారు. ఆయన కళ్ళు చెమర్చాయి.

ఆ రాత్రి మేం భోజనానికి కూర్చునేసరికి మైకు కట్టిన రిక్షా మా వీధిలోకి వచ్చింది.

"ప్రజలారా! రేపు ఉదయం పది గంటలకు ఆసుపత్రి ఆవరణలో జరగాల్సిన ప్రారంభోత్సవ సభను విజయోత్సవ సభగా మార్చడమైనది. పల్నాడులో తొలి తుంటి మార్పిడి చేయించుకుని, సొంత కాళ్ళ మీద నడిచి వెళ్ళిన శ్రీమతి అబిదాబీకి మంత్రిగారు శాలువా కప్పుతారు. శ్రీమతి అబిదాబీ ఎక్కడున్నా సరే, తొమ్మిదిన్నరకల్లా వేదిక దగ్గరికి రావలసిందిగా కోరుతున్నాం!"