వరుసల్లేని మొక్కజొన్న

ఆ పొద్దున గవర్రాజు వేసుకున్న పథకం చాలా తేలిక. ఉక్కు ఫ్యాక్టరీలో తనకు వారపు సెలవు కనుక పద్మనాభం ఊళ్లో ఉన్న ఎకరం పొలానికి వెళ్లి మొక్కజొన్న విత్తేసి, మధ్యాహ్నం భోజనానికి గాజువాకలో ఇంటికి వచ్చెయ్యాలి. ఆ ఎకరం, భార్య వెంకటరమణమ్మ గోదావరి జిల్లాలోని పుట్టింటి పొలం అమ్మి కొన్నది. కొన్నప్పటి నుంచీ గింజ ఇంటికి రాలేదు.

"ఈ పంట కూడా పోతే భూమి మా తమ్ముడి లేఅవుట్లో కలిపేస్తానండి. ఇంక నన్ను బతిమాలొద్దు," అందామె.

పక్క పొలం నూకాలు మంచి మాటే చెప్పింది. "తాడట్టి వరసల్లో ఎయ్యండి బాబూ. గడ్డి మొలవకముందే మందు కొట్టించీయండి."

"కొలిమి దగ్గర ఇన్నేళ్లు నెగ్గుకొచ్చినవాణ్ణి, గింజలు వెయ్యడం నాకు నేర్పుతావా?" అని గవర్రాజు గింజలు చల్లేశాడు. మందు వచ్చే సెలవుకి కొట్టొచ్చులే అనుకున్నాడు. ఆ సెలవుకి వాన. తర్వాతి సెలవుకి డ్యూటీ వేశారు. గడ్డికి ఏ డ్యూటీ లేదు కనుక దర్జాగా ఎదిగింది.

కలుపు తీయిద్దామంటే ఊళ్లో కూలీలంతా వరి నాట్లలో ఉన్నారు. సరిగ్గా అప్పుడే వాయుగుండం పట్టి, పోర్టులో మూడో నంబరు హెచ్చరిక ఎగరేశారు. జాలరిపేట పడవలు ఒడ్డెక్కాయి. ఆదివారాలు తమ ఇంటికి చేపలు తెచ్చే పోతమ్మనీ, ఆమె మొగుడు పోలిరాజునీ, వాళ్ల చుట్టాలనీ ఆటోలెక్కించి తెచ్చాడు గవర్రాజు.

"అన్నీ ఒక్కలాగే ఉన్నాయి బాబూ. వరసలైనా లేవు. ఏది గడ్డో, ఏది పంటో ఎలాగ తెలుత్తాది?" అన్నాడు పోలిరాజు.

షిఫ్టు బస్సు పోతుందన్న కంగారులో ఉన్నాడు గవర్రాజు. "బలంగా ఉన్నది ఉంచండి, బక్కది పీకండి. ఆ మాత్రం తెలీదా?" అనేసి వెళ్లిపోయాడు.

మర్నాడు భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు. పొలం నిండా పచ్చదనం చూసి పొంగిపోయాడు. "చూశావా? ప్లాట్లు వేరే చోట వెతుక్కోమను మీ తమ్ముణ్ణి."

ఆమె వంగి ఒక దుబ్బు పీకి చూసింది. "ఇది మొక్కజొన్న కాదు, ఊదగడ్డండి."

గట్టు మీద మొక్కజొన్న మొక్కలు కుప్పగా వాడిపోయి ఉన్నాయి. "బక్కవన్నీ పీకీసేం బాబూ. ఒక్కటి మిగిల్తే సూపించండి," అన్నాడు పోలిరాజు, బురద చేతులు తుడుచుకుంటూ.

తిట్టాల్సినవాడు ఎవడో గవర్రాజుకు తెలిసిపోయింది. వెంకటరమణమ్మ కళ్లు తుడుచుకుని, ఫోను తీసుకుని గట్టు దిగింది.

తర్వాతి సెలవుకి అతను వెళ్లేసరికి, బావమరిది సాయిశంకర్ మనుషులు పొలమంతా తాడు పట్టి, అంగుళం తేడా రాకుండా వరుసలు వేస్తున్నారు. ప్లాట్ల సరిహద్దు రాళ్లకి.