గవరయ్య అడిగిన తాటాకు

ఒక పెద్ద అడవిలో ఏముండాలో అన్నీ ఉన్నాయి. రాజుగా సింహం, కార్యదర్శిగా నక్క, వానాకాలం కోసం దాచిన పనసపళ్ల కొట్టు. ఆ కొట్టు కాపలా ఉద్యోగం మాత్రం ఎవరికీ నెల తిరక్కుండానే ఊడేది.

కుందేలుని లోపలికి వదిలాడని ఒకణ్ణి తీసేశారు. కుందేలుని ఆపాడని ఇంకొకణ్ణి తీసేశారు. పాపం, ఏం తప్పు చేశారో ఆ ఇద్దరికీ ఇప్పటికీ తెలీదు.

మూడోవాడు ఎలుగుబంటి గవరయ్య. ఇంట్లో బాలింత భార్య, ఇద్దరు పిల్లలు. ఉద్యోగం పోతే గుహలో పస్తులే. అందుకే మొదటిరోజే నక్కగారిని అడిగాడు.

"అయ్యగారూ, ఎవర్ని వదలాలో, ఎవర్ని ఆపాలో ఒక తాటాకు మీద రాసిస్తారా?"

"రాతలెందుకయ్యా! నేను చెప్తా, నువ్వు చెయ్యి" అన్నారు నక్కగారు. రాస్తే రేపు తనూ కట్టుబడాలి కదా మరి!

ఆ వారంలోనే నక్కగారి మాట మీద ఆయన బావమరిది వచ్చి నాలుగు పళ్లు మోసుకుపోయాడు. సంగతి సింహం దాకా వెళ్లింది.

"నేనెప్పుడు చెప్పాను? రాత చూపించమనండి" అన్నారు నక్కగారు, చెవి కూడా కదపకుండా.

సింహానికి ఒళ్లు మండింది. "ఈసారికి వదిలేస్తున్నా గవరయ్యా. ఇకమీదట కార్యదర్శి రాత లేకుండా గడియ తీశావో, ఇంటికే!"

గవరయ్య దండం పెట్టాడు. లోపల ఏడుపొక్కటే తక్కువ.

మర్నాడు "ఏనుగు పళ్లు దింపుటకు ఒక్కసారి తలుపు తీయవలెను" అని నక్కగారు రాసిచ్చారు. ఏనుగు పని ముగించి వెళ్లాక గవరయ్య గడియ పెట్టేశాడు. ఏనుగు చాటున దూరి పళ్ల గుట్ట వెనక నక్కగారు దాక్కున్నారని వాడికేం తెలుసు? కడుపునిండా తిని, గవరయ్యని గదిమి బయటపడదామని ఆయన ఆలోచన.

మధ్యాహ్నానికి తలుపు దబదబా మోగింది.

"ఒరేయ్ గవరయ్యా, తియ్యి! నేనే!"

"రాసిస్తారా అయ్యగారూ?"

"లోపల తాటాకెక్కడిదిరా! నేను చెప్తున్నాగా!"

"మొన్నా చెప్పారండీ."

గవరయ్యకి జాలేసింది. గడియ మీద చెయ్యి కూడా వేశాడు. పిల్లలు గుర్తొచ్చి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. పరుగున వెళ్లి రాజునే వెంటబెట్టుకొచ్చాడు.

రాజు గడియ తీయించాడు. లోపల నక్కగారు, మీసాల నిండా పనస జిగురు.

"తనిఖీ, మహారాజా" అన్నారు.

"చాల్లే! కూర్చుని నియమాలన్నీ రాయి" అన్నాడు రాజు.

సాయంత్రానికల్లా పదహారు తాటాకుల నియమాలు కొట్టు ముందు వేలాడాయి, గవరయ్య ఉద్యోగమూ నిలబడింది. మొదటి నియమం: "కార్యదర్శిగారు లోపల ఉన్నచో, ఏమీ అడగక వెంటనే తలుపు తీయవలెను."

నీతి: నియమాలు రాయించుకోవాలంటే, రాయాల్సినవాణ్ణి ముందు లోపల పెట్టి గడియ వెయ్యాలి.