చుక్క వృథా కాని సెలవు

ఒక్క చుక్క ఇంధనం కూడా వృథా కాకుండా ఉద్యోగికి సెలవు మంజూరు చేసిన మొట్టమొదటి కార్యాలయంగా మా ఇంధన పొదుపు సంస్థ నిలిచిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. ఈ ఘనత వెనుక డైరెక్టరుగారి దూరదృష్టి, ఏడు దేశాల అనుభవం, మా డ్రైవరు ఓర్పు ఉన్నాయి. నా చేతిరాత కూడా కొద్దిగా ఉంది. సెలవుల సెక్షన్లో గుమాస్తాను కాబట్టి ఆ కాగితం నా చేతుల మీదుగానే నడిచింది. జరిగింది జరిగినట్టు చెబుతాను. దేవుణ్ణి నమ్ముకున్నవాణ్ణి, అబద్ధం రాయను. ఫైల్లో రాయమంటే తప్ప.

ముందు డ్రైవరు సంగతి. డైరెక్టరుగారి కారు నడిపే అతణ్ణి ఆఫీసంతా మైలేజీ మావయ్య అంటుంది. నాకు మాత్రం బావ. చుట్టరికమేమీ లేదు, మా రెండిళ్ళకీ గోడ ఒకటే. లీటరుకు పధ్నాలుగు కిలోమీటర్లు వస్తే గొప్పని కంపెనీవాళ్ళే చెప్పిన కారుతో అతను పద్దెనిమిది రాబడతాడు. పొద్దున్నే టైర్లను పిడికిలితో గుద్ది గాలి ఎంతుందో చెప్పేస్తాడు. ఎర్రదీపం అల్లంత దూరాన ఉండగానే యాక్సిలరేటరు మీంచి పాదం తీసేస్తాడు. బండి తనంతట తాను దొర్లుకుంటూ వెళ్ళి సరిగ్గా పచ్చదీపం వెలిగే వేళకి చేరుకుంటుంది. బ్రేకు తొక్కాల్సి వస్తే అన్నం పారబోసినంత బాధపడతాడు.

ఇలా దారి పొడుగునా మిగిల్చినదాన్ని సభల దగ్గర ఖర్చు చేయించడం మా సంస్థ ఆనవాయితీ. లోపల డైరెక్టరుగారు, "సిగ్నలు దగ్గర అర నిమిషం ఆగినా ఇంజను ఆపండి" అని గంటన్నరసేపు ఉపన్యసిస్తారు. బయట ఆ గంటన్నరా కారు ఇంజను నడుస్తూనే ఉంటుంది. వారు వచ్చి కూర్చునేసరికి లోపల చల్లగా ఉండాలి కదా. సభ ఎంత బాగా జరిగితే అంత ఇంధనం.

ఒక్కసారి బావ ఇంజను ఆపాడు.

"ఏంటయ్యా ఇది, నన్ను పెనమ్మీద కూర్చోబెట్టావ్!" అన్నారు డైరెక్టరుగారు.

"ఆగినప్పుడు ఇంజను ఆపమని మీరే చెప్పారు కదండీ. మైకులో బయటిదాకా వినపడింది."

"అది ప్రజలకి చెప్పానయ్యా. నువ్వు సిబ్బందివి."

ఆ తేడా అప్పటినుంచీ మా అందరికీ స్పష్టంగా తెలిసింది.

ఇక బావ భార్య. నన్ను అన్నయ్యగారూ అంటుంది, నేను చెల్లెమ్మా అంటాను. ఇంట్లోనే మిషను మీద బట్టలు కుడుతుంది. ఆవిడకి ఒకే కోరిక. సముద్రం చూడాలి. మా ఊరికి సముద్రం కారులో ఏడు గంటల దూరం. పెళ్ళయిన కొత్తలో బావ మాట ఇచ్చాడు. ఆ కొత్త పాతబడి ఇరవై రెండేళ్ళయింది.

బావ సముద్రం చూడనివాడు కాడు. డైరెక్టరుగారి కుటుంబాన్ని పదకొండుసార్లు తీసుకెళ్ళాడు. లాగ్‌బుక్‌లో 'తీరప్రాంత ఇంధన వినియోగ తనిఖీ' అని రాస్తాం. కుటుంబం నీళ్ళలో తనిఖీ చేస్తున్నంతసేపూ కారు చల్లగా ఉండాలి కాబట్టి బావ దిగడు. ఎండ ముందు అద్దం మీద పడకూడదు కాబట్టి బండి వెనుక భాగాన్ని సముద్రానికేసి పెడతాడు. అందువల్ల పదకొండుసార్లూ సముద్రాన్ని వెనక అద్దంలోనే చూశాడు.

"ఎంత ఉంటుందండీ?" అని చెల్లెమ్మ అడిగితే, అరచెయ్యి చాచి చూపిస్తాడు. "ఇంతే. కదులుతూ ఉంటుంది."

ఆ సముద్రం ప్రయాణం కోసం చెల్లెమ్మ ఒక సంచి కుట్టుకుంది. మందపాటి నీలం గుడ్డ, లోపల మూడు అరలు, నీళ్ళసీసాకి బయట వేరే జేబు, తడిబట్టలకి అడుగున ప్లాస్టిక్ పొర. మిషను పక్కన మేకుకి తగిలించింది. మూడేళ్ళ నుంచి అది అక్కడే ఉంది. వచ్చినవాళ్ళు చూసి ఇలాంటిది మాకూ కావాలంటే కుట్టి ఇచ్చింది. ఆ సంచులన్నీ ఊళ్ళు తిరిగొచ్చాయి.

బావ నాలుగు రోజుల సెలవు అడగడం మూడేళ్ళ క్రితం మొదలుపెట్టాడు. మొదటి ఏడు ఇంధన పొదుపు వారం వచ్చింది. వారం అంటే మీరు ఏడు రోజులనుకుంటారు. ప్రముఖుల తీరికను బట్టి మా వారం ఐదు వారాలు నడిచింది. ఊరేగింపులో ఇరవై ఆరు కార్లు 'నడవండి, ఇంధనం మిగల్చండి' అన్న బ్యానర్లు కట్టుకుని ఊరంతా తిరిగాయి. రెండో ఏడు డైరెక్టరుగారి పిల్లల పరీక్షలు ముగియగానే తీరప్రాంత తనిఖీ పడింది. మూడో ఏడు సెలవుల మీదే అధ్యయనం మొదలైంది.

ఈ అధ్యయనం గురించి కాస్త చెప్పాలి. ఇతర దేశాల్లో ఉద్యోగులకి ఎన్ని రోజులు సెలవు ఇస్తారు, ఆ సెలవుల్లో వాళ్ళు ఎక్కడికి వెళతారు, వెళితే ఎంత ఇంధనం తగలేస్తారు అన్నది తెలుసుకోవలసిన అవసరం ఉందని పైవాళ్ళు గుర్తించారు. ఉత్తరం రాస్తే వివరాలు పంపుతారని నేను అమాయకంగా నోట్ పెట్టాను. సెలవు అన్నది కాగితం మీద తెలిసేది కాదనీ, అనుభవించి తెలుసుకోవాలనీ జవాబు వచ్చింది. కుటుంబం లేకుండా వెళితే అది సెలవులా ఉండదు, అధ్యయనం తప్పుదారి పడుతుంది కాబట్టి డైరెక్టరుగారు కుటుంబంతోనే బయల్దేరారు. ఏడు దేశాలు, నలభై ఒక్క రోజులు.

ఒక దేశంలో ఏడాదికి ఐదు వారాల సెలవు చట్టం ప్రకారమే ఇస్తారట. డైరెక్టరుగారు చలించిపోయారు. ఇంకో దేశంలో జనం ఇసుకలో పడుకుని గంటల తరబడి ఏమీ చెయ్యరట. నిజమో కాదో తేల్చడానికి వారు స్వయంగా ఆరు రోజులు పడుకుని చూశారు. 'విశ్రాంతి నాణ్యత సంతృప్తికరం' అని నివేదికలో ఉంది. మరో దేశంలో సెలవులో ఉన్న ఉద్యోగికి పై అధికారి ఫోను కూడా చెయ్యడట. అది విని వారికి ఎంత ఆశ్చర్యం కలిగిందంటే, ఆ దేశం నుంచే బావకి రోజుకి మూడుసార్లు ఫోను చేసి ఆ సంగతి చెప్పారు. పనిలో పనిగా ఇంటి దగ్గర మొక్కలకి నీళ్ళు పోశావా అని అడిగారు.

వారు లేని ఆ నలభై ఒక్క రోజుల్లో బావకి సెలవు ఇవ్వవచ్చు కదా అని మీకు తోచవచ్చు. నాకూ తోచింది. కాని కారు కదలకుండా ఉంటే బ్యాటరీ పాడవుతుంది. అందుకని బావ రోజూ ఖాళీ కారుని ఆఫీసు చుట్టూ పన్నెండు ప్రదక్షిణాలు చేయించేవాడు. పైగా సెలవు మంజూరు చేయవలసినవారు సెలవుల అధ్యయనంలో ఉన్నారు. ఆయన ఇవ్వక ఇంకెవరు ఇస్తారు?

తిరిగొచ్చాక హాల్లో సభ పెట్టారు. ఎండకి ఎర్రబారిన ముఖంతో డైరెక్టరుగారు ప్రసంగించారు.

"మిత్రులారా! నేను కళ్ళారా చూశాను. సెలవు ఇవ్వగానే మనిషి కారెక్కుతాడు. కార్లన్నీ రోడ్డెక్కుతాయి. మైళ్ళకొద్దీ బారులు! ఎంత ఇంధనం! నా గుండె తరుక్కుపోయింది. ఆ బారుల్లో ఇరుక్కుని నేనే నాలుగు గంటలు బాధపడ్డాను. కాబట్టి ఏడు దేశాల సాక్షిగా చెబుతున్నాను, ఇంధన వృథాకు మూలకారణం ఇంజను కాదు, సెలవు! సెలవు దొరకని చోట రోడ్లు ఎంత ప్రశాంతంగా ఉంటాయో మన ఊరే ఉదాహరణ!"

మేమంతా చప్పట్లు కొట్టాం. మన ఊరు ఒక విషయంలో ఏడు దేశాలకి ఉదాహరణ అయినందుకు ఎవరికి మాత్రం గర్వంగా ఉండదు?

సరిగ్గా ఆ మర్నాడే బావ నాలుగోసారి కాగితం ఇచ్చాడు.

"బావా, ఇవాళ వద్దులే. రెండు రోజులు ఆగు," అన్నాను.

"ఆగడానికేముంది, అలవాటేగా. కాని మీ చెల్లెలు కళ్ళజోడు మార్చింది. డాక్టరు, మిషను పని తగ్గించమ్మా, చూపు మందగిస్తోంది అన్నాడట. చూపు ఉండగానే చూపిద్దామని," అన్నాడు. చెప్పి గబగబా వెళ్ళిపోయాడు. బయట ఇంజను నడుస్తోంది.

నేను పొద్దున్నే దేవుడికి దణ్ణం పెట్టుకుని, ఆ కాగితం మీద 'దయతలచవచ్చు' అని రాసి లోపలికి పట్టుకెళ్ళాను.

"ఎక్కడికి వెళతాడట?" అన్నారు డైరెక్టరుగారు.

"సముద్రానికండి. శుక్రవారం నుంచి."

వారు కుర్చీలోంచి లేచారు. "అరె! శుక్రవారం మేమూ అక్కడికేనయ్యా! చూశావా, ఒకే చోటికి, ఒకే రోజున, ఇతను వేరే బస్సులో, మేం వేరే కారులో! డబుల్ ఖర్చు! దీన్నే నేను వృథా అంటాను. రాసుకో. సెలవు మంజూరు. కాని ఇంధన పొదుపు దృష్ట్యా అతని సెలవునీ మా ప్రయాణాన్నీ విలీనం చెయ్యి."

"విలీనమంటే... అతనే నడుపుతాడాండీ?"

"మరి సముద్రం దాకా నడపకుండా ఎలా వెళతాడు?"

"భార్యని తీసుకెళదామని అతని ఉద్దేశమండి."

"ఆవిడ మన ఉద్యోగా?"

"కాదండి."

"ఉద్యోగి కానివాళ్ళని ఆఫీసు బండిలో ఎక్కించకూడదని నిబంధన ఉందయ్యా. నువ్వే టైపు చేశావు. పైగా చోటేదీ? నేను, మేడమ్, పిల్లలిద్దరూ, ముందు సీట్లో కుక్కపిల్ల. దానికి కిటికీ కావాలి."

నాకొక సందేహం కలిగింది. మేడమ్‌గారు, పిల్లలు, కుక్కపిల్ల ఏ సెక్షన్లో పనిచేస్తున్నారో నాకు గుర్తు రాలేదు. సందేహం కలిగినప్పుడు నేను కళ్ళు మూసుకుని భగవంతుణ్ణి తలుచుకుంటాను. నోరు కూడా దానంతట అదే మూతపడుతుంది. ఆ రోజు చాలాసేపు తలుచుకున్నాను. తరువాత 'సెలవు మంజూరు, ప్రయాణంతో విలీనం' అని గుండ్రటి అక్షరాలతో రాశాను.

శుక్రవారం పొద్దున చెల్లెమ్మ మేకుకున్న సంచి తీసి బావ చేతికిచ్చింది.

"నాకెందుకే ఇది?" అన్నాడు బావ.

"తీసుకెళ్ళండి. సంచి అయినా చూస్తుంది."

ఆ తరువాతి నాలుగు రోజులు బావ సంస్థ నిబంధనల ప్రకారం సంపూర్ణ విశ్రాంతి తీసుకున్నాడు. ఏడు గంటలు నడిపాడు. బండి వెనుక భాగాన్ని సముద్రానికేసి పెట్టాడు. ఇంజను ఆపకుండా కూర్చున్నాడు. ఈసారి సెలవులో ఉన్నాడు కాబట్టి వెనక అద్దాన్ని కాస్త పైకి తిప్పుకునే స్వేచ్ఛ తీసుకున్నాడు. ఆకాశం కూడా కొంచెం కనిపించిందట. వచ్చేటప్పుడు పిల్లల తడిబట్టలు పెట్టడానికి మేడమ్‌గారికి సంచి కనబడింది. అడుగున ప్లాస్టిక్ పొర చూసి, ఎవరు కుట్టారోగాని భలే బుర్ర అని మెచ్చుకున్నారట.

మంగళవారం మళ్ళీ సభ. 'ఉత్తమ సెలవు' పేరుతో కొత్త ప్రశంసాపత్రం పెట్టారు.

"ఒకే ప్రయాణంలో పనీ, విశ్రాంతీ! ఏడు దేశాలకీ తోచని ఆలోచన ఇది! ఐదు వారాలు ఇచ్చే ఆ దేశం మన దగ్గరికొచ్చి నేర్చుకోవాలి. ఏడీ మన డ్రైవరు? వేదిక మీదికి రావాలి!" అని డైరెక్టరుగారు పిలిచారు.

డ్రైవరు బయట కారులో ఉన్నాడు. ఇంజను నడుస్తోంది. అతని తరఫున నేను వెళ్ళి పత్రం అందుకున్నాను. చప్పట్లు చాలాసేపు మోగాయి. వాటికి ఇంధనం అక్కర్లేదు కదా.

సాయంత్రం పత్రం పట్టుకుని గోడ అవతలికి వెళ్ళాను. చెల్లెమ్మ గడపలో నిలబడి సంచిని తిరగేసి దులుపుతోంది. అరల్లోంచి ఇసుక రాలింది. ఒక గుప్పెడు ఉంటుంది. చీపురు తెస్తుందనుకున్నాను. తేలేదు. చెప్పులు విడిచి, ఒక కాలు జాగ్రత్తగా ఆ ఇసుక మీద పెట్టి, కాసేపు అలాగే ఉంది. కాలు మొత్తం పట్టలేదు. వేళ్ళు మాత్రం పట్టాయి.

నన్ను చూసి, "రండి అన్నయ్యగారూ. ఆ సెలవు కాగితం రాసింది మీరేటగా? మీ బావగారు చెప్పారు, అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయని," అంది.

"నాదేముందమ్మా, అంతా పైవాడి దయ," అన్నాను.

"పైవాడంటే దేవుడా, డైరెక్టరుగారా?"

ఎగతాళి లేదు. తెలుసుకుందామనే అడిగింది. ఇరవై ఏళ్ళుగా రోజూ పూజ చేసి ఆఫీసుకి వెళ్ళేవాణ్ణి, ఠక్కున జవాబు రావాలి. పత్రం గడప మీద పెట్టి, ఇసుక తొక్కకుండా పక్కనించి వచ్చేశాను.

ఇది చదివి మీకు డైరెక్టరుగారి మీద కోపం వచ్చి ఉంటుంది. న్యాయమే. నా మీద కూడా కాస్త వచ్చి ఉంటుంది. అదీ న్యాయమే. మీరే ఆ కుర్చీలో ఉంటే ఆ డ్రైవరుకి నాలుగు రోజులేం, పది రోజులు ఇచ్చేవారని నాకు నమ్మకం ఉంది. అలాంటివారి కోసమే ఇది రాశాను.

అన్నట్టు, మీరు చదువుతున్నంతసేపూ కిటికీ అవతల సన్నగా ఏదో ఇంజను మోత వినిపిస్తోంది, గమనించారా? కంగారేం లేదు. మీ బండే. లోపల చల్లగానే ఉంటుంది. తీరిగ్గా రండి. అతను దిగడు.