సీసా చీటీకి కోట కావలెను

ఒక దేశం ఎంత నాగరికమైందో తెలియాలంటే సీసాలో ఏముందో చూడనక్కర్లేదు; చీటీ మీద ఏం రాయనిచ్చారో చూస్తే చాలు. ఆ లెక్కన నార్వేను మించిన దేశం లేదు.

టెలిమార్క్ కొండవాలులో టోర్‌బ్యోర్గ్ అనే ఆవిడ పదకొండేళ్లు మంచుతో పోరాడి ద్రాక్ష పండించింది. మొదటిసారి తాగదగిన వైన్ వచ్చింది, నాలుగువందల సీసాలు. సొంత తోటలో పండించి అక్కడే సీసాకెత్తిన వైన్‌ని 'స్లోత్స్‌వీన్' అంటారు కాబట్టి చీటీ మీద అదే రాసింది. అక్కడ వైన్ అమ్మేది ప్రభుత్వ దుకాణమొక్కటే; ఆ మాటకు అనుమతి లేనిదే అది సీసా ముట్టదు.

పదమూలాల శాఖ నుంచి సీనియర్ సలహాదారు ఐలెర్ట్ వచ్చాడు. (ఆ శాఖలో జూనియర్లు లేరు, సలహా అడిగేవాళ్లూ లేరు.) బూట్లు గుమ్మంలో విప్పి, ఉన్ని మేజోళ్లతో నిలబడి అడిగాడు.

"స్లోత్ అంటే కోట. వీన్ అంటే వైన్. వైన్ కనబడుతోంది. కోట ఏదీ?"

"అది వాడుక మాటండీ! అందరూ అంటారు."

"అనేవాళ్లు అంటారు. రాసేవాళ్లు చూపించాలి."

"గొర్రెల కొట్టం ఉంది, చాలదా?"

"నిక్షేపంగా 'కొట్టం వైన్' అని రాసుకోండి."

సంగతి విని పొరుగు రైతు హాల్‌గ్రిమ్ నవ్వాడు. "ఓస్, కోటే కదా! శనివారం అందరం చెయ్యేస్తే సాయంత్రానికి లేస్తుంది. నువ్వు వాఫుల్స్ వెయ్యి చాలు."

ఊరంతా సుత్తులతో దిగింది. (ఇలాంటి ఉమ్మడి పనికి ఎగ్గొట్టినవాణ్ణి అక్కడ మూడు తరాలు గుర్తుపెట్టుకుంటారు.) తోట నడుమ ఒక బురుజు, నాలుగు కిటికీలు, కట్టడానికి అనుమతి అక్కర్లేని పనిముట్ల గది కొలతలో కోట లేచింది.

ఐలెర్ట్ మళ్లీ వచ్చి టేపుతో కొలిచాడు. "కోటే. సందేహం లేదు. కాకపోతే మాటలో కోట ముందు, వైన్ వెనక. మీ వైన్ కోటకన్నా వయసులో పెద్దది."

"అంటే వచ్చే ఏడాది పంట దాకా ఆగాలా?"

"మాట ఐదువందల ఏళ్లు ఆగిందండీ. మీరు ఒక్క ఏడాది ఆగలేరా?"

ఆగింది. ఆ నాలుగువందల సీసాలూ ఊరు తాగి ఆమె బాధలో పాలుపంచుకుంది.

మరుసటి శరదృతువులో, గుత్తులు కోతకొచ్చిన వారంలోనే, రెండు కాగితాలున్న కవరు వచ్చింది. మొదటిది అనుమతి: 'స్లోత్స్‌వీన్' అన్న మాట ఇక శాశ్వతంగా ఆమెదే. రెండోది వారసత్వ కట్టడాల శాఖది: కోటగా నమోదైన కట్టడం చుట్టూ వంద మీటర్ల మేర కొండ దృశ్యానికి అడ్డొచ్చే ద్రాక్షతీగలన్నీ పదిరోజుల్లో పీకేయాలి.

ఖాళీ అయిన చోట సందర్శకులకు బల్లలు వేయాలి. బల్లల దగ్గర మద్యం నిషిద్ధం.