మూడు తూటాలు

ఆ పొద్దున ఒంటరిగా కొండెక్కి, చీకటి పడేలోగా ఎవరి సాయమూ లేకుండా డేరాకి తిరిగి రావాలన్నది లైల్ పథకం. మోంటానా కొండల్లో పుట్టి పెరిగినవాళ్ళకి ఇదొక లెక్కే కాదు. కానీ లైల్ కిందటేడు ఎల్క్ దుప్పి వేటకొచ్చి దారి తప్పి, షెరిఫ్ మనుషుల్ని, కుక్కల్ని, హెలికాప్టర్‌ని కూడా రప్పించిన ఘనుడు. తీరా దొరికింది డేరాకి కూతవేటు దూరంలో. ఈసారి కూడా తప్పిపోతే ఇక తుపాకీ ముట్టుకోనివ్వననీ, జీవితాంతం డేరాలో అంట్లు తోముకోవలసిందేననీ మామగారు ఓరిన్ తేల్చి చెప్పేశాడు.

"దారి పొడుగునా ఈ నారింజ రంగు రిబ్బన్లు కట్టుకుంటూ వెళ్ళు," అన్నాడు ఓరిన్ కాఫీ ఊదుకుంటూ. "వచ్చేటప్పుడు విప్పుకుంటూ రా. అడవిని చెత్తకుండీ చెయ్యకు. తప్పిపోయావా, ఉన్నచోటే కూర్చుని మూడు తూటాలు పేల్చు. విన్నానని నేనొకటి పేలుస్తా."

"తెలుసు మామయ్యా."

"కిందటేడూ తెలుసన్నావు."

"తిననివ్వండి పాపం," అంది అత్తగారు వెర్నా అల్లుడి పళ్ళెంలో ఇంకాస్త గ్రేవీ వేస్తూ. "తప్పిపోయినా కడుపు నిండుగా ఉంటాడు."

లైల్ చెప్పింది చెప్పినట్టు చేశాడు. రిబ్బన్లు కట్టాడు, దిక్సూచి చూసుకున్నాడు, కొండకొమ్మున బండ చాటున నక్కాడు. అదృష్టం ఎంత బాగుందంటే, కాసేపటికే చెట్టంత కొమ్ములున్న దుప్పి ఎదుటికొచ్చి నిలబడింది. లైల్ కాల్చాడు. అది కదల్లేదు. మళ్ళీ కాల్చాడు. మూడోసారీ కాల్చాడు. దుప్పి అతని వంక జాలిగా చూసి, నింపాదిగా చెట్లలోకి నడిచిపోయింది.

సరిగ్గా అప్పుడే కింద లోయలోంచి ఒక తూటా పేలింది. మామయ్య విన్నాడన్నమాట.

తప్పిపోయానని చెప్పడానికి సంకేతం ఉంది గానీ, తప్పిపోలేదు మొర్రో అని చెప్పడానికి ఏ సంకేతమూ లేదు. ఆలోచించి ఇంకొకటి పేల్చాడు. కిందనుంచి మర్యాదగా ఇంకొకటి బదులొచ్చింది. ఇలా అయితే తూటాలు అయిపోతాయి తప్ప పరువు దక్కదని, పరుగులాంటి నడకతో డేరాకి బయల్దేరాడు. అంత కంగారులోనూ ఒక్క రిబ్బనైనా వదలకుండా విప్పుకుంటూ వచ్చాడు.

డేరా దగ్గర అతన్ని చూసి వెర్నా నోరెళ్ళబెట్టింది. "నువ్వు తప్పిపోలేదా? మీ మామయ్య నీకోసం వాగు వెంబడి అడ్డదారిన పైకి పోయారు!"

"లేదత్తయ్యా. దుప్పిని కాల్చాను. మూడూ తగల్లేదు."

"బాగానే ఉంది సంబడం."

అంతలో పొగమంచు దిగి కొండని మింగేసింది. ఆ మంచులోంచి ఆగి ఆగి మూడు తూటాలు పేలాయి.

"మామయ్యకీ దుప్పి కనిపించిందేమో," అన్నాడు లైల్ ఆశగా.

"నలభై ఏళ్ళుగా ఆయనకి ఒక్క తూటా సరిపోతోంది. మూడెందుకు పేలుస్తారు?" వెర్నా మొహం పాలిపోయింది. "లైల్, వెళ్ళి తీసుకురా నాయనా."

లైల్ బదులుగా ఒకటి పేల్చి బయల్దేరాడు. భయం వేయలేదంటే అబద్ధమే. దిక్సూచి అరచేతిలో పెట్టుకుని, మళ్ళీ రిబ్బన్లు కట్టుకుంటూ, చప్పుడు వచ్చిన వైపు ఎక్కాడు. కొండకొమ్ముకి కాస్త కింద, ఒక ఫర్ చెట్టు మొదట్లో ఓరిన్ ముడుచుకుని కూర్చుని ఉన్నాడు. అల్లుణ్ణి చూడగానే లేచి మండిపడ్డాడు.

"రిబ్బన్లేవిరా? వాటిని పట్టుకుని దిగుదామనుకున్నా!"

"విప్పేశాను మామయ్యా. మీరే చెప్పారుగా."

ఓరిన్ తుపాకీ భుజానికి తగిలించుకున్నాడు. ఇద్దరూ లైల్ ఇప్పుడు కట్టిన రిబ్బన్లు విప్పుకుంటూ దిగారు.

"నీ మూడు తూటాల గురించి మీ అత్తయ్యకి ఏం చెప్పావు?"

"ఒక్కటీ తగల్లేదని చెప్పాను."

దారి తప్పానని ఒప్పుకోవాలా, గురి తప్పిందని ఒప్పుకోవాలా అని ఓరిన్ రిబ్బను రిబ్బనుకీ ఆగి ఆలోచించాడు. డేరా పొగ కనిపించేసరికి తెగించాడు.

"నాకూ దుప్పి కనిపించింది," అన్నాడు వెర్నాతో. "మూడూ తగల్లేదు."

లైల్ బూట్ల వంక చూసుకున్నాడు. వెర్నా ఇద్దర్నీ ఎగాదిగా చూసింది.

"మూడూ తగల్లేదా? అయితే మీ కళ్ళు పోయినట్టే. నా వేట లైసెన్సు ఊరికే మూలుగుతోంది. రేపు తుపాకీ నాకిచ్చి, అంట్లు మీరిద్దరూ చూసుకోండి."

మర్నాడు మామా అల్లుళ్ళు పెనం తోముతుండగా కొండ మీంచి ఒకే ఒక్క తూటా పేలింది. ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. ఓరిన్ చేతులు తుడుచుకుని, కత్తులూ మాంసం సంచులూ భుజానికెత్తుకుని నాలుగడుగులు వేసి ఆగాడు.

"మంచు దిగేట్టుంది," అన్నాడు గొంతు సవరించుకుని. "నువ్వు ముందు నడు అల్లుడూ."

ఆ పొద్దున ఆకాశంలో మబ్బు తునకైనా లేదు.