కాగితానికి రెండో వైపు

సోమవారం ఉదయం పదిన్నరకు నంద్యాలలో కాగితం పొదుపు ప్రత్యేకాధికారి చక్రపాణి, ఇకమీద కొత్త కాగితం మీద రాసిన అర్జీలు తీసుకోబోమని ప్రకటించారు. ఇంట్లో వాడేసిన కాగితం వెనక రాసి తేవాలి. ఆ ప్రకటనను ఆర్ట్ పేపరు మీద ఎనిమిది వందల కాపీలు, ఒకవైపే అచ్చువేయించారు. రెండో వైపు ఎందుకు వదిలేశారని ఒక విలేకరి అడిగాడు.

"పొదుపు చేసేకి జనాలకు గూడా ఏమన్నా మిగలాల గదప్పా" అన్నారు చక్రపాణి.

పదకొండింటికి ఆళ్లగడ్డ బస్సు దిగిన సర్దార్‌బీ చేతిలో తెల్లకాగితం మీద రాయించిన అర్జీ ఉంది. ఆమె భర్త ఖాజా పీర్ పాత్రలకు కళాయి పూసేవాడు. నాలుగు నెలల కిందట పోయాడు. ఆయనతోపాటే ఆయన పింఛనూ పోయింది. వితంతు పింఛను వస్తే తప్ప ఆమెకు పూట గడవదు. కౌంటరులో గుమాస్తా రఘు కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"కొత్తది. చెల్లదమ్మా."

"రాసినాంక పాతదే గదప్పా?"

రఘు లోపలికి వెళ్లి అడిగొచ్చాడు. చెల్లదన్నారు. ఆ కాగితాన్ని కౌంటరులోనే ఉంచేసుకున్నారు.

సర్దార్‌బీ ఇంట్లో ఒకవైపు ఖాళీగా ఉన్న కాగితాలు రెండే. ఒకటి ఖాజా పీర్ పింఛను మంజూరు పత్రం, రెండోది ఆయన మరణ ధ్రువపత్రం. పక్కింటి డిగ్రీ పిల్ల లూదియా మంజూరు పత్రం వెనక అర్జీ రాసిపెట్టింది. రాస్తుండగా టీ గ్లాసు ఒరిగి, పక్కనున్న ధ్రువపత్రం మూలన అర్ధచంద్రాకారంలో మరక పడి, వెనక వైపుకూ ఇంకింది.

పై సోమవారం రఘు అర్జీ తీసుకున్నాడు. ఆ కార్యాలయంలో స్కానరు ఒకవైపే చదువుతుంది. అచ్చు ఉన్న వైపే ముందు వైపని, ముందు వైపే చూడాలని చక్రపాణి ఉత్తర్వు ఇచ్చారు. దాంతో పని వేగం పెరిగింది. బనగానపల్లె రైతు ఒకాయన పెళ్లిపత్రిక వెనక కాలువ నీళ్ల గురించి రాస్తే, వధూవరులకు శుభాకాంక్షలు పంపి అర్జీ మూసేశారు. డోన్ నుంచి కమలాక్షమ్మ క్యాలెండరు కాగితం వెనక మురుగు గురించి రాసింది. ముందు వైపు అహోబిలం నరసింహస్వామి ఉన్నాడు. చక్రపాణి లేచి నిలబడి కళ్లకద్దుకున్నారు. అదీ పరిష్కారమైంది. ఆ నెల వచ్చిన అర్జీలు మూడు వందల పన్నెండు. పరిష్కారమైనవి మూడు వందల పన్నెండు.

సర్దార్‌బీకీ జవాబు వచ్చింది. ఖాజా పీర్ పింఛను పునరుద్ధరించారు. ఆయన స్వయంగా వచ్చి వేలిముద్ర వేయాలి.

ఆ జవాబు పట్టుకుని ఆమె చక్రపాణి దగ్గరికి వెళ్లింది.

"సార్, ఆయన సచ్చిపోయినాడని ఎనకపక్క రాయించినా గదా!"

"ఎనకపక్క నీదమ్మా. ముందుపక్క గవర్నమెంటుది. దాంట్లో ఆయన బతికే ఉండాడు."

"ఇప్పుడు ఆయన్ను యాడనుంచి పిల్సకరావాల?"

"లేడని చెప్పే కాగితం ఉంటే తే. ఒరిజినల్ తే."

సర్దార్‌బీకి పద్ధతి అర్థమైంది. ఈసారి లూదియాను పిలవలేదు. మరణ ధ్రువపత్రం వెనక ఒక్క అక్షరం రాయించకుండా, వచ్చిన జవాబుతోపాటు తెచ్చి ఇచ్చింది. రఘు ధ్రువపత్రాన్ని ఒకవైపు ఖాళీ ఉన్న కాగితాల కట్టలో పెట్టాడు.

పదిహేను రోజులకు చక్రపాణికి రాష్ట్రస్థాయి కాగితం పొదుపు పురస్కారం ప్రకటించారు. ప్రశంసాపత్రాన్ని వాడిన కాగితం మీదే అచ్చువేయాలని ఆయన పట్టుబట్టారు. కాగితం తన ఆఫీసు నుంచే పంపించారు.

మరుసటి సోమవారం సర్దార్‌బీని గదిలోకి పిలిచారు. ప్రశంసాపత్రం టేకు ఫ్రేములో, అద్దం కింద, గోడకు ఉంది. ఆమె దాన్నే చూస్తూ నిలబడింది. కాగితం మూలన అర్ధచంద్రాకారంలో టీ మరక ఉంది.

"అంతా సరిగ్గానే ఉందమ్మా. మరణ ధ్రువపత్రం ఒగటే కనపడలా" అన్నారు చక్రపాణి.

"ఆ గోడమింద ఉండాది సార్."

"అది నా ప్రశంసాపత్రం."

"ఎనకల సూడండి."

"ఎనకల చూడగూడదని ఉత్తర్వు ఇచ్చిందే నేను. నేనే తప్పితే బాగుంటాదా?"

"మల్ల నన్నేం జెయ్యమంటారు?"

"ఇంగో సర్టిఫికెట్ కావాలని అర్జీ పెట్టుకో. పాత కాగితం మీద."

"ఇంట్లో ఇంగ కాగితమే లేదు సార్."

చక్రపాణి సంతోషించారు. ఆళ్లగడ్డలో ఒక ఇంట్లో పథకం నూటికి నూరు శాతం అమలైందని రఘు చేత రాయించారు.

ఫ్రేమును నాలుగు స్క్రూలతో గోడకు బిగించారు. ఖాజా పీర్ మరణ ధ్రువపత్రం ముఖం గోడవైపు ఉంది.